భుజం ఎక్కించాక మొదలయ్యే పని

కబడ్డీ కోర్టులో భుజం జారే తీరు దాదాపు ఎప్పుడూ ఒకటే. కూతకెళ్ళిన కుర్రాడు పాయింటు కొట్టి వెనక్కి తిరుగుతాడు. ఒకడు నడుం పట్టాడు, ఇంకొకడు తొడ మీద పడ్డాడు, మధ్యగీత ఇంకా మూరెడు దూరంలో ఉంది. చెయ్యి చాచి గీత అందుకోబోతాడు. ఆ చాచిన చేతి మీద మూడోవాడి బరువు పడుతుంది. డిఫెండర్‌కైతే కార్నర్‌లో జరుగుతుంది. యాంకిల్ హోల్డ్ పట్టాడు, రైడర్ గీత వైపు దూకాడు, పట్టు వదల్లేదు. ఒళ్ళు వెనకే ఉండిపోయింది, చెయ్యి మాత్రం ఆ కాలితో పాటు ముందుకు పోయింది.

తర్వాత జరిగేదీ ఒకటే. ఎక్కించడం తెలిసిన సీనియర్ ఎవరో వస్తాడు. పడుకోబెట్టి, చంకలో మడమ ఆనించి, మణికట్టు పట్టుకుని లాగుతాడు. టక్కుమంటుంది. కుర్రాడి ముఖం తేటపడుతుంది. మూడు వారాలు తువ్వాలు మెడకు వేసుకుని తిరుగుతాడు. నాలుగో వారం టోర్నమెంటుకి పేరిస్తాడు.

ఇందులో ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. కానీ ఈ వరసే ఎంతోమంది మంచి ఆటగాళ్ళను ఇరవై రెండేళ్ళకే కోర్టు బయట కూర్చోబెడుతోంది. 15 నుంచి 22 ఏళ్ళ మధ్య, ఒళ్ళు ఒళ్ళు తగిలే ఆట ఆడేవాళ్ళకు మొదటిసారి భుజం జారినప్పుడే పెద్ద నిర్ణయం ముందుకొచ్చి నిలబడుతుంది. ‘ఇంకోసారి జారితే అప్పుడు చూద్దాం’ అనేవాళ్ళు కూడా ఒక నిర్ణయం తీసుకున్నట్టే. ఆ నిర్ణయానికి వెల ఎంతో ఆటగాడికి ఎవరూ చెప్పరు. అది చెప్పడానికే ఇదంతా.

తుంటి కీలులో బంతి లోతైన గుంటలో కూర్చుంటుంది. భుజంలో గుంటకు లోతే లేదు. చేతి ఎముక పైకొనలో ఉన్న బంతి, రెక్క ఎముక అంచున ఉన్న చిన్న సాసరు లాంటి సాకెట్టుకి ఆనుకుని ఉంటుంది. ఏ క్షణంలో చూసినా బంతిలో మూడో వంతుకు మించి సాకెట్టుకి తగలదు. చెయ్యి అన్ని వైపులా తిరిగేది అందుకే, జారేదీ అందుకే. సాసరు అంచు చుట్టూ లాబ్రమ్ అనే మెత్తటి గట్టు ఉంటుంది. కుక్కర్ మూతకు గాస్కెట్ ఎలాగో దీనికిది అలాగ. సాకెట్టుకున్న ఆ కాస్త లోతులో సగం ఈ గట్టు వల్ల వచ్చిందే. పైగా బంతిని గాలి చొరనివ్వకుండా పట్టి ఉంచుతుంది, కీలు ముందువైపు ఎముకలను కట్టి ఉంచే లిగమెంట్లకు కొసముడి కూడా అదే.

నూటికి 95కు పైగా భుజాలు ముందుకే జారతాయి. అలా జారినప్పుడు కుర్రవాళ్ళలో సాకెట్టు ముందు కింది అంచున ఈ గాస్కెట్ ఎముక నుంచి ఊడివస్తుంది. బ్లండెల్ బ్యాంకార్ట్ అనే బ్రిటిష్ సర్జన్ 1923లోనే దీన్ని రాసిపెట్టాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. రెండో దెబ్బ బంతికి తగులుతుంది. జారిన బంతి వెనక భాగం సాకెట్టు గట్టి అంచుకు గుద్దుకుని సొట్ట పడుతుంది. 1940లో హిల్, శాక్స్ అనే ఇద్దరు రేడియాలజిస్టులు వర్ణించిన సొట్ట ఇది. నలభై దాటినవాళ్ళలో కథ వేరు. వాళ్ళకు గాస్కెట్ కంటే భుజం చుట్టూ ఉన్న రొటేటర్ కఫ్ కండరాల టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే పట్టీలు, తెగడం ఎక్కువ. నాన్నకు జారిన భుజం, కొడుకుకు జారిన భుజం ఒకే జబ్బు అనుకోవడంలోనే సగం పొరపాటు ఉంది.

బంతిని ఎక్కిస్తే బంతి చోటికి వస్తుంది. ఊడిన గాస్కెట్ ఊడినట్టే ఉంటుంది. చాలాసార్లు అది అతుక్కుంటుంది కూడా, కానీ అసలు అంచు మీద కాకుండా కాస్త లోపలికి, కిందికి జారిన చోట. అప్పుడు సాసరుకు ముందువైపు గట్టు లేనట్టే.

ఇక్కడ పుత్తూరు కట్టు ప్రస్తావన తప్పదు. దాని మీద మనవాళ్ళ నమ్మకం ఊరికే పుట్టలేదు. విరిగిన ఎముకను కదలకుండా పట్టి ఉంచితే ఒళ్ళే దాన్ని అతికించుకుంటుంది, కట్టులో ఉన్న తర్కం అదే. భుజం జారినప్పుడు ఆ తర్కం పనిచేయదు. కట్టు ఎన్నాళ్ళు ఉంచినా ఊడిన గట్టు తన చోటికి తాను నడిచి రాదు. ఇది నాటు కట్టుకే కాదు, ఆసుపత్రిలో ఇచ్చే స్లింగ్‌కూ వర్తిస్తుంది. స్వీడన్‌లో 1978, 79లలో మొదటిసారి భుజం జారిన 255 మందిని 25 ఏళ్ళ పాటు గమనించారు. మూడు నాలుగు వారాలు చెయ్యి కట్టేసి ఉంచినవాళ్ళకూ, నొప్పి తగ్గగానే వాడటం మొదలుపెట్టినవాళ్ళకూ మళ్ళీ జారడంలో తేడా కనిపించలేదు. చెయ్యి బయటికి తిప్పి కడితే గట్టు సరైన చోట అతుకుతుందని జపాన్ నుంచి ఆశ పుట్టించే ఫలితాలు వచ్చాయి, తర్వాతి పరిశోధనల్లో చాలావాటిలో ఆ లాభం నిలబడలేదు. కాబట్టి స్లింగ్ నొప్పి తగ్గడానికి, వారం నుంచి మూడు వారాలు చాలు. ‘ఆరు వారాలు కట్టించాం, ఇక జారదు’ అన్న ధీమాకు ఆధారం లేదు.

మళ్ళీ జారే అవకాశం ఎంత? ఎడిన్‌బరోలో 15 నుంచి 35 ఏళ్ళ మధ్య 252 మందిని చూస్తే రెండేళ్ళలోనే సగానికి పైగా, దాదాపు 56 శాతం మందికి, భుజం మళ్ళీ అస్థిరమైంది. 2006లో వచ్చిన ఈ లెక్కలో వయసు తగ్గేకొద్దీ ప్రమాదం పెరిగింది, కుర్రాళ్ళలో అన్నిటికంటే ఎక్కువ. అమెరికాలో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. 1994లో ప్రచురించారు. మొదటిసారి జారిన 36 మంది ఆటగాళ్ళలో 15 మందికి కట్టు, వ్యాయామం. వాళ్ళలో 12 మందికి మళ్ళీ జారింది. మిగతా 21 మందికి మొదటిసారికే కీహోల్ సర్జరీ, అంటే చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్, చేసి గట్టు కుట్టారు. వాళ్ళలో ముగ్గురికి జారింది. చిన్న లెక్కే, వాళ్ళంతా సైనిక శిక్షణలో ఉన్నవాళ్ళే. కానీ రోజూ మ్యాట్ మీద పడిలేచే మన కబడ్డీ, కుస్తీ పిల్లలకు దగ్గరి పోలిక కూడా వాళ్ళే.

స్వీడన్ లెక్కలో ఇంకో సంగతి ఉంది, దాన్ని దాచకూడదు. ఆ 25 ఏళ్ళలో కొన్ని భుజాలు పదేపదే జారి కూడా వయసుతో పాటు కుదురుకున్నాయి. ఆపరేషన్ అందరికీ అక్కర్లేదనే వాళ్ళకు ఇది న్యాయమైన ఆధారం. బడి పంతులుకో, కంప్యూటరు ఉద్యోగికో నేనూ అదే చెబుతాను. అండర్-19 సెలెక్షన్లు ముందున్న రైడర్‌కు మాత్రం, ముప్పై దాటాక కుదురుకోబోయే భుజం అక్కరకు రాదు.

ముందుగా గ్రౌండులో జరగాల్సినవి చెప్పాలి, తప్పులు మొదలయ్యేది అక్కడే. జారిన భుజం చూడగానే తెలుస్తుంది. గుండ్రం పోయి పక్కన చదునవుతుంది, పైన ఎముక మూల తేలుతుంది. ఆటగాడు రెండో చేత్తో మోచేతిని పట్టుకుని, చేతిని ఒంటికి కాస్త ఎడంగా ఉంచుకుంటాడు. లాగొద్దు. కారణం నొప్పి ఒక్కటే కాదు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్లో అసలైన జారడం అరుదు. ఎముక ఎదిగే చోట ఉండే మెత్తటి పొర, గ్రోత్ ప్లేట్, అక్కడే విరగడం ఎక్కువ. బయటికి చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. విరిగిన ఎముకను జారిందనుకుని లాగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పెద్దపిల్లల్లో కూడా జారడంతో పాటు బంతి పక్కన ఎముక ముక్క లేచి ఉండొచ్చు. చంకలో మడమ పెట్టి లాగడం హిపోక్రటిస్ కాలం నాటి పద్ధతి. మడమ ఆనే చోటే చేతికి వెళ్ళే నరాలూ పెద్ద రక్తనాళమూ ఉంటాయి.

చేయాల్సింది ఇది. చెయ్యి ఏ భంగిమలో హాయిగా ఉందో అలాగే ఉంచి, చంకకూ ఒంటికీ మధ్య మడిచిన తువ్వాలో చిన్న దిండో పెట్టి, చున్నీతో ఛాతీకి కట్టాలి. ఐసు గుడ్డలో చుట్టి 15, 20 నిమిషాలు. మణికట్టు దగ్గర నాడి చూడాలి. వేళ్ళు విప్పి ముడవగలడా, బొటనవేలు పైకి ఎత్తగలడా చూడాలి. జబ్బ బయటివైపు, చొక్కా పొట్టి చేతి కింద అరచేయంత మేర, తాకి స్పర్శ అడగాలి. అక్కడ మొద్దుబారితే ఆక్సిలరీ నరం సాగిందని అర్థం. ఇవన్నీ టైముతో సహా ఒక కాగితం మీద రాసి ఆసుపత్రిలో ఇవ్వాలి. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వొద్దు, మత్తు ఇవ్వాల్సి రావొచ్చు. ఆలస్యమైతే కండరాలు బిగుసుకుని ఎక్కించడం కష్టమవుతుంది కాబట్టి బండి కోసం వెతుక్కోకుండా 108కి ఫోన్ చేయడమే మేలు. మైదానంలో ఈ పని నేర్చిన డాక్టరు ఉంటే ఆయన మెల్లగా ఎక్కించడం వేరు సంగతి, అది మంచిదే. బలంతో ఎక్కించగలగడాన్ని విద్య అనుకునేవాళ్ళను మాత్రం దగ్గరికి రానివ్వకండి.

ఆసుపత్రిలో ఎక్స్‌రే ముందు నుంచి ఒకటి తీసి వదిలేయకూడదు. పక్క నుంచి రెండోది, చంక వ్యూ గానీ రెక్క ఎముక వై ఆకారంలో కనిపించే వ్యూ గానీ, అడిగి తీయించుకోవాలి. కరెంటు షాకుకో, మూర్ఛకో వెనక్కి జారే భుజాలు ముందు ఎక్స్‌రేలో మామూలుగా ఉన్నట్టే కనిపించి తప్పిపోతాయి. నొప్పి తగ్గడానికి కీలులోకి మొద్దుబార్చే మందు, ఒక శాతం లిగ్నోకెయిన్, 20 మిల్లీలీటర్ల దాకా ఎక్కించి కాసేపు ఆగితే, చాలామందికి పూర్తి మత్తు లేకుండానే పనైపోతుంది. ఇప్పటి పద్ధతుల్లో బలం పని లేదు. ఉదాహరణకు ఫేర్స్ పద్ధతిలో రోగి వెల్లకిలా పడుకుంటాడు. డాక్టరు చేతిని తిన్నగా పట్టుకుని, ఐదు సెంటీమీటర్ల మేర పైకి కిందికి సన్నగా ఊపుతూ, మెల్లగా ఒంటి నుంచి ఎడంగా తెస్తారు. తొంభై డిగ్రీలు దాటాక బయటికి తిప్పుతారు. కండరం సడలి బంతి తనంతట తాను లోపలికి పోతుంది. ఎక్కించాక మళ్ళీ ఎక్స్‌రే, మళ్ళీ నరం పరీక్ష.

ఇంకొక చిన్న మాట, ఎవరూ పట్టించుకోనిది. జారి ఉన్నప్పుడు తీసిన మొదటి ఎక్స్‌రేను ఫోనులో ఫొటో తీసి దాచుకోండి. ఆరు నెలల తర్వాత సర్జన్ మొదట అడిగేది అదే: నిజంగా పూర్తిగా జారిందా, ఎటు జారింది? గ్రౌండులోనే ఎక్కించుకుని వచ్చినవాళ్ళ దగ్గర ఈ జవాబు ఉండదు. సగం జారి దానంతటదే వెనక్కి వచ్చిన భుజాన్నీ తేలిగ్గా తీసుకోవద్దు. చెయ్యి ఒక్క క్షణం చచ్చుబడినట్టయి, నొప్పితో తిరిగొచ్చిందంటే గట్టు చిరిగి ఉండొచ్చు.

ఇప్పుడు అసలు వాదన. ఫ్రాన్స్‌లో బాల్గ్, బ్వాలో అనే సర్జన్లు 2007లో పదికి లెక్కేసే ఒక స్కోరు ఇచ్చారు. వయసు 20 లేదా అంతకంటే తక్కువైతే 2. పోటీ స్థాయిలో ఆడితే 2. ఒళ్ళు తగిలే ఆట గానీ చెయ్యి తల మీదికి బలంగా విసిరే ఆట గానీ అయితే 1. కీళ్ళు పుట్టుకతోనే వదులైతే 1. ఎక్స్‌రేలో బంతి మీద సొట్ట కనిపిస్తే 2. సాకెట్టు అంచు అరిగి కనిపిస్తే 2. మొత్తం 6 దాటితే, కీహోల్‌లో గట్టు మాత్రం కుట్టిన భుజాల్లో 70 శాతం మళ్ళీ జారాయి. 6 లోపు ఉంటే 10 శాతం.

జిల్లా జట్టుకు ఆడే పదిహేడేళ్ళ కుర్రాడికి లెక్క కట్టండి. వయసుకు 2, పోటీకి 2, కబడ్డీకి 1. ఎక్స్‌రే చూడకముందే 5. మొదటిసారి జారినప్పుడు సొట్ట చిన్నదై ఎక్స్‌రేలో పట్టుబడలేదనుకుందాం, 5 దగ్గరే ఉన్నాడు. ‘చూద్దాం’ అని ఆడించారు, మళ్ళీ జారింది, సొట్ట పెద్దదైంది. ఇప్పుడు 7. ఒక్క సీజన్‌లో అతను చిన్న సర్జరీతో బయటపడే గుంపులోంచి ఎముక సర్జరీ, అంటే సాకెట్టు అంచుకు ఎముక ముక్క బిగించే ఆపరేషన్, కావాల్సిన గుంపులోకి వెళ్ళిపోయాడు. కొందరు సర్జన్లు 3 దాటగానే ఎముక సర్జరీ గురించి ఆలోచిస్తారు కాబట్టి, ఆ 5 కూడా నిశ్చింతగా ఉండదగ్గ అంకె కాదు.

ఎముక మీద ఇంత పట్టుదల ఎందుకంటే 2000లో బర్క్‌హార్ట్, డి బీర్ చూపించిన తేడా వల్ల. ఎముకకు పెద్ద నష్టం లేని భుజాల్లో కీహోల్ మరమ్మతు తర్వాత మళ్ళీ జారింది 4 శాతం, పెద్ద నష్టం ఉన్నవాటిలో 67 శాతం. ఒళ్ళు తగిలే ఆటలవాళ్ళలో ఆ రెండో అంకె 89. సాకెట్టు వెడల్పులో 20, 25 శాతం అరిగితే గట్టు కుట్టినా నిలవదని అందరూ ఒప్పుకుంటారు. 13.5 శాతం నష్టం దగ్గరే ఫలితాలు దిగజారుతున్నాయని 2015లో ఇంకో అధ్యయనం చెప్పింది. జారిన ప్రతిసారీ ఆ అంచు కొంచెం కొంచెం అరుగుతుంది. దాన్ని కొలవడానికి సీటీ స్కాన్, గట్టు చూడటానికి ఎమ్మారై. కుదిరితే కీలులో రంగు మందు ఎక్కించి తీసే ఎమ్మారై.

అందుకే నా మాట ఇది. పద్దెనిమిది అటూ ఇటూగా ఉన్న కబడ్డీ, కుస్తీ, రగ్బీ, జూడో ఆటగాడికి మొదటిసారి జారి, ఎమ్మారైలో గట్టు ఊడినట్టు కనిపిస్తే, సర్జరీ గురించి ఆ నెలలోనే మాట్లాడాలి. రెండోసారి జారితే ఇక మాట్లాడుతూ కూర్చోకూడదు. మూడో సారి, ఏడో సారి, నిద్రలో పక్కకు తిరిగితే జారే స్థితి వచ్చాక ఆసుపత్రికి తీసుకొచ్చే తల్లిదండ్రులు చేసింది పిసినారితనం అని నేననను. ‘చిన్న వయసులో ఆపరేషనా’ అన్న భయం నిజమైనది. ఆ భయానికి జవాబు ఏమిటంటే, ఈ విషయంలో ప్రమాదకరమైనది ఆ చిన్న వయసే.

సర్జరీకి ఒప్పుకోని వాదనల్లో నేను గౌరవించేవి ఉన్నాయి. బొటనవేలు మణికట్టుకు వంచి ఆనించగలిగే, మోచేతులు వెనక్కి వంగే వదులు కీళ్ళ పిల్లల్లో భుజం అన్ని వైపులా జారుతుంది. వాళ్ళకు ముందు ఆరు నెలలు పట్టుదలగా వ్యాయామం, కత్తి ఆ తర్వాతే. కావాలని జార్చి చూపించే పిల్లలకు సర్జరీ చేయకూడదు. పదమూడేళ్ళ లోపు వాళ్ళలో మళ్ళీ జారడం కూడా పెద్దపిల్లల కంటే తక్కువ. విసిరే చెయ్యి అయిన ఫాస్ట్ బౌలర్‌కు, వాలీబాల్ స్పైకర్‌కు సర్జరీ తర్వాత చెయ్యి బయటికి తిరగడంలో కొన్ని డిగ్రీలు తగ్గినా ఆట మీద పడుతుంది. ఈ లెక్క రైడర్‌కున్నంత సులువు కాదు.

సర్జరీ లేకుండా నడిపించేవాళ్ళు వ్యాయామాన్ని నిజంగా చేయాలి. మొదటి రోజు నుంచే వేళ్ళు, మణికట్టు, మోచెయ్యి కదపాలి, లేకపోతే అవి బిగుసుకుంటాయి. ఆరు వారాల దాకా చెయ్యి పక్కకెత్తి బయటికి తిప్పే భంగిమ, అంటే బంతి విసరబోయే భంగిమ, వద్దు. మూడో వారం నుంచి గోడకు చెయ్యి ఆనించి కదలకుండా నెట్టడం. ఆరో వారం నుంచి రబ్బరు బ్యాండ్‌తో: మోచేతికీ నడుముకూ మధ్య మడిచిన తువ్వాలు పెట్టి, చేతిని బయటికి తిప్పడం, లోపలికి తిప్పడం, పదిహేనేసి సార్లు మూడు విడతలు. రెక్క ఎముకను పట్టి ఉంచే కండరాల కోసం రోయింగ్, పుషప్ చివర్లో రెక్కల్ని ఇంకాస్త ముందుకు నెట్టడం. మనవాళ్ళు ‘దండాలు తీస్తే గట్టిపడుతుంది’ అంటారు. దండాలు ముఖ్యంగా పెంచేది ఛాతీని, ఛాతీ కండరం బంతిని ముందుకే లాగుతుంది. జిమ్‌లో వెడల్పు పట్టుతో బెంచ్ ప్రెస్, డిప్స్, మెడ వెనక్కి దించే పుల్‌డౌన్ ఈ భుజానికి శత్రువులు.

వ్యాయామం ఎంత బాగా చేసినా దానికో హద్దు ఉంది. ముగ్గురు మీద పడి చెయ్యి చివరిదాకా సాగిన క్షణంలో కండరం తేరుకునేలోపు బరువంతా లిగమెంట్ల మీదే పడుతుంది. అవి ఊడి ఉంటే ఆ పని చేసేవాళ్ళు లేరు.

సీజన్ మధ్యలో జారితే? ఈ సందర్భం నిజంగా కష్టమైనది. సెలెక్షన్ పోతే స్పోర్ట్స్ కోటా సీటు పోతుంది, ఆ ఇంటికి అది మామూలు విషయం కాదు. 2014లో అమెరికా కాలేజీ ఆటగాళ్ళ మీద వచ్చిన అధ్యయనాన్ని అలాంటి ఇంట్లో పెట్టి చెప్పాలి. సీజన్‌లో భుజం జారిన 45 మందిలో 33 మంది అదే సీజన్‌లో తిరిగి ఆడారు, చాలామంది వారంలోపే. కానీ మళ్ళీ ఇబ్బంది రాకుండా సీజన్ ముగించింది 12 మంది. అంటే ఆడటం సాధ్యమే, నలుగురిలో ఒక్కరికి. ఇది తెలిసి, స్కాన్‌లో ఎముక బాగుందని చూసుకుని, ఒక్క ముఖ్యమైన టోర్నమెంటు ఆడి వెంటనే సర్జరీకి వెళ్తానంటే ఆ కుర్రాడిని నేను తప్పుపట్టను. దాచిపెట్టి ఆడితే మాత్రం తప్పు అతనిదొక్కడిదే కాదు, చెబితే జట్టులోంచి తీసేస్తారని భయపెట్టిన కోచ్‌ది కూడా.

సర్జరీలో ఏముంటుంది? ఎముక బాగుంటే కీహోల్‌లో సాకెట్టు అంచున యాంకర్లు అనే చిన్న మేకుల్లాంటివి దించి, సాధారణంగా మూడో అంతకంటే ఎక్కువో, వాటి దారాలతో గట్టును తిరిగి కుడతారు. బంతి మీద సొట్ట పెద్దదైతే వెనక టెండన్‌ను ఆ సొట్టలోకి కుట్టి పూడుస్తారు. సాకెట్టు ఎముక అరిగితే లాటార్జే పద్ధతి: రెక్క ఎముకకు ముందున్న కొరకాయిడ్ అనే కొమ్మును కండరంతో సహా కోసి సాకెట్టు అంచుకు స్క్రూలతో బిగిస్తారు. లియోన్‌కు చెందిన మిషెల్ లాటార్జే 1954లో వర్ణించిన ఆపరేషన్ ఇది. నమ్మకమైనదే, కానీ నరాలకు దగ్గరగా చేసేది, చెయ్యి తిరిగిన సర్జన్‌తోనే చేయించుకోవాలి. తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు స్లింగ్, ఒళ్ళు తగిలే ఆటకు ఐదారు నెలలు. శ్రేయస్ అయ్యర్‌కు 2021 మార్చిలో పుణెలో ఇంగ్లండ్‌తో వన్డేలో ఫీల్డింగ్ చేస్తూ డైవ్ కొట్టినప్పుడు ఎడమ భుజం సగం జారింది. ఏప్రిల్‌లో సర్జరీ, సెప్టెంబరులో ఐపీఎల్‌కు తిరిగొచ్చాడు. జాతీయ జట్టు ఆటగాడికి, అన్ని వసతుల మధ్య, పట్టిన కాలం అది. జిల్లా ఆటగాడిని మూడో నెలలోనే కూతకు పంపే కోచ్ ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

తిరిగి పంపే ముందు కోచ్ స్వయంగా చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. రెండు చేతులూ పైకి, వెనక్కి సమానంగా వెళ్తున్నాయా? బయటికి తిప్పే బలం రెండో చేతితో పోలిస్తే పదింట తొమ్మిది వంతులైనా ఉందా? సాధారణ తూకపు స్ప్రింగు కొక్కేనికి బ్యాండ్ కట్టి కొలవొచ్చు. పడుకోబెట్టి చేతిని పక్కకు తెచ్చి మెల్లగా బయటికి తిప్పితే ముఖంలో బెదురు కనిపిస్తోందా? బెదురు కనిపించిన రోజు అక్కడే ఆగాలి, ఇంకాస్త తిప్పి చూడకూడదు. ఈ మూడూ దాటాక మ్యాట్ మీద ఒంటరిగా పడిలేవడం, తర్వాత ఒక్కరితో పట్టు, తర్వాత ఇద్దరితో, ఒక్కో మెట్టుకు కనీసం వారం. చివరి మెట్టు గీత కోసం చెయ్యి చాచడం. అది చేయించేటప్పుడు మీద ఎవరూ పడకుండా మొదలుపెట్టాలి. తల ముందు, భుజం దాని వెనక, చెయ్యి మోచేతి దగ్గర కాస్త మడిచి గీత అందుకోవడం మళ్ళీ కొత్తగా నేర్పాలి. సర్జరీ చేయించుకోని పిల్లలకైతే ఆ అలవాటు మొదటి వారం నుంచే కావాలి.